రెడ్ కార్డు అందరికీ ఒకటేనా? స్ప్రింగ్‌బాక్స్, రిఫరీలు, పేపర్ల వాళ్లు

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు స్ప్రింగ్‌బాక్స్ ఆటగాడు ఎబెన్ ఎట్జెబెత్‌కి 12 వారాల నిషేధం పడ్డప్పటి నుంచి మా ఆఫీసులో పని కంటే ఈ గొడవే ఎక్కువైంది. క్రికెట్ విభాగంలో పెడితే అడ్మిన్ గారు కత్తెర వేస్తారని ఇక్కడ తెరుస్తున్నా.

2025 నవంబర్ టూర్ ఒక్కసారి గుర్తు చేసుకోండి. 8వ తేదీ పారిస్‌లో ఫ్రాన్స్ మీద మా లూడ్ డి యాగర్‌కి హాఫ్‌టైమ్ ముందు రెడ్ కార్డు. మోకాళ్ల మీద ఉన్న థామస్ రామోస్ తలకి భుజం తగిలించాడు. బాక్స్ వాళ్లు మిగతా ఆటంతా 14 మందితో ఆడి 32-17తో గెలిచారు. వారం తిరిగేసరికి టూరిన్‌లో ఇటలీ మీద ఫ్రాంకో మోస్టర్ట్‌కి పావుగంట కూడా కాకుండానే రెడ్. మళ్లీ 14 మంది, మళ్లీ గెలుపు, 32-14. తర్వాత క్రమశిక్షణ కమిటీ కూర్చుని మోస్టర్ట్ రెడ్ చెల్లదని కొట్టేసింది. కొట్టేస్తే ఏం లాభం? ఆ రోజు గంటకి పైగా ఒక మనిషి తక్కువతో ఆడారు, అది ఎవరు తిరిగి ఇస్తారు?

ఆ పై వారం డబ్లిన్‌లో ఐర్లాండ్ ఆటగాడు జేమ్స్ ర్యాన్ దూసుకొచ్చి మాల్కమ్ మార్క్స్ తలకి తగిలించాడు. ముందు పసుపు, తర్వాత 20 నిమిషాల రెడ్. బాక్స్ చేస్తే ఫుల్ రేటు, ఐర్లాండ్ చేస్తే డిస్కౌంటా? లండన్, డబ్లిన్ పేపర్లు తిరగేస్తే మాత్రం రగ్బీని పాడు చేస్తున్నది ఒక్క దక్షిణాఫ్రికానే అన్నట్టు ఉంటుంది. మీరేమంటారు?

కబడ్డీ కుర్రాడు | నిజామాబాద్

శీనన్నా, రగ్బీలో బంతిని చేత్తో ముందుకి పాస్ ఇవ్వకూడదు అన్న ఒక్క ముక్క తప్ప నాకేం తెలీదు. 2025 జూన్‌లో ముంబైలో లీగ్ జరిగింది కదా, మన హైదరాబాద్ హీరోస్ ఆడినప్పుడు రెండు మ్యాచ్‌లు చూశా. అందులో ఏడుగురే ఉన్నారు. ఈ 20 నిమిషాల రెడ్ ఏంటి? ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

లిఫీ లక్ష్మి | డబ్లిన్

తమ్ముడూ, నువ్వు చూసింది సెవెన్స్. ఇది 15 మంది, 80 నిమిషాలు. తలకి ప్రమాదకరంగా తగిలిస్తే రిఫరీ సాధారణంగా ముందు పసుపు చూపించి బయటికి పంపుతాడు. మైదానం బయట వీడియోలు ముందేసుకుని ఒక అధికారి కూర్చుని ఉంటాడు. దాన్ని బంకర్ అంటారు. అతనికి 8 నిమిషాల టైమ్. అక్కడ పసుపు కాస్తా రెడ్ అయితే ఆ ఆటగాడు ఇక రాడు, కానీ 20 నిమిషాలయ్యాక అతని బదులు వేరేవాడు దిగొచ్చు. కబడ్డీలో ఔటైనవాడి జాగా మళ్లీ నిండుతుంది చూడు, దాదాపు అలాగే. తప్పు మరీ ఘోరంగా, సాకు చెప్పడానికి వీల్లేనట్టు ఉందని రిఫరీకి అనిపిస్తే నేరుగా పూర్తి రెడ్. అప్పుడు చివరిదాకా 14 మందే.

శీను గారూ, ఇప్పుడు మీ సంగతి. డబ్లిన్ మ్యాచ్ సగమే చెప్పారు. ఆ రోజు ర్యాన్ రెడ్ కాక ఐర్లాండ్‌కి నాలుగు పసుపు కార్డులు పడ్డాయి. ఒక దశలో మైదానంలో మావాళ్లు 12 మందే ఉన్నారు. 24-13తో మీరే గెలిచారు, 2012 తర్వాత డబ్లిన్‌లో మొదటిసారి. పక్షపాతం అంటే ఇలా ఉంటుందా? మర్నాడు ఇక్కడ నేను చదివిందంతా మా స్క్రమ్ (రెండు జట్లవాళ్లు గుంపుగా తలలు కలిపి తోసుకోవడం) ఎలా కుప్పకూలిందన్న పోస్టుమార్టమే.

ఎట్జెబెత్ పేరుతో థ్రెడ్ తెరిచి అసలు అతనేం చేశాడో ఒక్క ముక్క రాయలేదేం? కార్డిఫ్‌లో వేల్స్ మీద 73-0. ఇంకాసేపట్లో మ్యాచ్ అయిపోతుంది. అప్పుడు అలెక్స్ మాన్ కంటి మీదకి వేలు పోనిచ్చాడు. దీనికి ఏ దేశం పేపర్ని అందాం? మా అబ్బాయి ఇక్కడ క్లబ్‌లో ఆడతాడు. కిందకి వంగి పట్టుకోమని కోచ్ గొంతు పోయేలా అరుస్తుంటాడు. వాడు టీవీలో అది చూసి "అమ్మా, గెలిచాక కూడా ఎందుకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

ఎట్జెబెత్‌ని వెనకేసుకు రావట్లేదు లక్ష్మి గారూ. 12 వారాలు తక్కువే అన్నా ఒప్పుకుంటా. నా గొడవ మాటల గురించి. బాక్స్ ఏం చేసినా దానికి ముందు ఒక విశేషణం తగిలిస్తారు.

7-1 సంగతే తీసుకోండి. రిజర్వు బెంచీ మీద 8 మంది ఉంటారు. మామూలుగా ఐదుగురు ఫార్వర్డ్స్ (స్క్రమ్‌లో తోసే బలమైనవాళ్లు), ముగ్గురు బ్యాక్స్ (వెనక నుంచి పరుగెత్తేవాళ్లు). 2019లో మా కోచ్ రస్సీ ఎరాస్మస్ ఆరుగురు ఫార్వర్డ్స్‌ని పెట్టాడు, "బాంబ్ స్క్వాడ్" పేరు అప్పుడే వచ్చింది. 2023 ఆగస్టులో ట్వికెన్‌హామ్‌లో ఏడుగుర్ని పెట్టి న్యూజిలాండ్‌ని 35-7తో ఉతికాడు. అంతే, ఆట స్ఫూర్తికి విరుద్ధం అని గోల మొదలైంది. స్కాట్లాండ్ మాజీ కోచ్ మ్యాట్ విలియమ్స్ అయితే చాలా గట్టిగా విరుచుకుపడ్డాడు. అదే 7-1ని 2025 మార్చిలో ఫ్రాన్స్ డబ్లిన్‌లో వాడి 42-27తో గెలిచినప్పుడు "ఎంత తెగువ" అన్న మాటే నా చెవిన ఎక్కువ పడింది. అప్పుడు స్ఫూర్తి ఎక్కడికి పోయిందో?

లిఫీ లక్ష్మి | డబ్లిన్

2023 వరల్డ్ కప్ పూల్ మ్యాచ్‌లో మా మీద కూడా 7-1 పెట్టారు, 13-8తో ఓడిపోయారు. ఆ సంగతి మీ జాబితాలో ఎక్కడా కనపడలేదు.

ఆక్లాండ్ అప్పారావు | న్యూజిలాండ్

మీ ఇద్దరూ కాసేపు పక్కకి జరగండి. ఏడవాల్సిన హక్కు మాది.

2023 అక్టోబర్ 28, స్టాడ్ ద ఫ్రాన్స్, వరల్డ్ కప్ ఫైనల్. మీరు 12-11తో గెలిచారు. మా కెప్టెన్ సామ్ కేన్ జెస్సీ క్రీల్‌ని కాస్త ఎత్తులో పట్టుకున్నాడు. పసుపు, బంకర్, రెడ్. పురుషుల వరల్డ్ కప్ ఫైనల్లో అదే మొట్టమొదటి రెడ్ కార్డు. అప్పుడు ఈ 20 నిమిషాల వెసులుబాటు కూడా లేదు. సెకండాఫ్ మొదలైన కాసేపటికి మీ కెప్టెన్ కోలిసి తల మా ఆర్డీ సవేయా తలకి తగిలింది. పసుపు, బంకర్, పసుపే! తేడా ఏంటో ఇంగ్లిష్‌లో చెప్పారు, తెలుగులో చెప్పారు, నాకు మాత్రం ఎక్కలేదు. ఆరన్ స్మిత్ ట్రై చేస్తే (అవతలి గీత దాటి బంతి నేలకి ఆనిస్తే) ఎప్పుడో లైనౌట్ (పక్క గీత నుంచి బంతి విసరడం) దగ్గర బంతి చేజారిందని వెనక్కి వెళ్లి వెతికి పట్టుకుని రద్దు చేశారు.

ఇంత జరిగినా మీ రస్సీలా మేం గంట వీడియో తీసి నెట్‌లో పెట్టలేదు శీనూ. మా తరహా వేరు. 1995 ఫైనల్ ముందు మావాళ్లకి కడుపులో తిప్పితే మా కోచ్ లారీ మెయిన్స్, సూజీ అనే వెయిట్రెస్ ఏదో కలిపిందని అన్నాడు. ఇన్నేళ్లైనా రుజువు లేదు, సూజీ ఎవరో తేలలేదు. కథ మాత్రం చావట్లేదు. ఇప్పటికీ ఇక్కడ బార్బెక్యూలో ఎవడికైనా వాంతి వస్తే "సూజీ వండిందా?" అంటారు.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

వీడియో మాట వచ్చింది కాబట్టి, దాని ముందు జరిగింది కూడా వినండి అప్పారావు గారూ. 2021లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) ఇక్కడికి వచ్చారు. కోవిడ్ టైమ్, స్టేడియాలు ఖాళీ. టీఎంఓగా (వీడియో చూసి రిఫరీకి చెప్పే అధికారిగా) రావాల్సిన న్యూజిలాండ్ అతను ప్రయాణ ఆంక్షల వల్ల రాలేకపోతే మా మారియస్ యాంకర్‌ని పెట్టారు. మొదటి టెస్ట్ (రగ్బీలో అంతర్జాతీయ మ్యాచ్‌ని అలాగే అంటారు) మొదలవ్వకముందే లయన్స్ కోచ్ వారెన్ గ్యాట్లాండ్ దాని మీద మండిపడ్డాడు, ఆ కోపం పేపర్లకెక్కింది. అంటే రిఫరీల మీద ఒత్తిడి మొదలుపెట్టింది ఎవరు? తమాషా ఏంటంటే ఆ మ్యాచ్‌లో విల్లీ లె రూ ట్రై చెల్లదని చెప్పింది ఆ దక్షిణాఫ్రికా టీఎంఓనే. 22-17తో మేం ఓడిపోయాం.

పాత పేపర్ | హైదరాబాద్

చాలా రోజులకి మంచి గొడవ దొరికింది. నేనొక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. రెండు మాటలు చెప్పనివ్వండి.

ఎరాస్మస్ వీడియో 62 నిమిషాలు. మొదటి టెస్టులో రిఫరీ నిక్ బెర్రీ ఇచ్చిన నిర్ణయాల్ని క్లిప్పుల వారీగా ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. అతను డైరెక్టర్ ఆఫ్ రగ్బీ హోదాలో ఉండి, మ్యాచ్‌లో నీళ్ల సీసాలు మోసేవాడిగా మైదానంలోకి వెళ్లేవాడు. సలహాలు ఇవ్వడానికే అని అందరికీ తెలుసు. వీడియో బయటికి పొక్కింది. రెండో టెస్టు 27-9, మూడోది 19-16, సిరీస్ దక్షిణాఫ్రికాదే. చివరి పెనాల్టీ కొట్టింది 37 ఏళ్ల మోర్నె స్టెయిన్. 2009లో లయన్స్‌ని ముంచింది కూడా అతనే. నవంబర్‌లో వరల్డ్ రగ్బీ తీర్పు వచ్చింది. రెండు నెలలు ఆటకి పూర్తిగా దూరం, 2022 సెప్టెంబర్ 30 దాకా మ్యాచ్ రోజున జట్టు దగ్గరికి రాకూడదు. బోర్డుకి 20 వేల పౌండ్ల జరిమానా. ఆ తర్వాత హెడ్ కోచ్, డైరెక్టర్ నీళ్లు మోయకూడదని నిబంధన కూడా పెట్టారు.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇతనికి అతకదు. ఇతను గెలిచేవాడు, గెలుస్తూనే మద్దెల మీద ఫిర్యాదు చేస్తాడు. అదొక వ్యూహం. తర్వాతి వారం రిఫరీ ఈల ఊదే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి, అంతే అతనికి కావాల్సింది. 2022 నవంబర్‌లో మార్సెయిలో ఫ్రాన్స్ చేతిలో 30-26తో ఓడినప్పుడు ట్విటర్‌లో వెటకారపు క్లిప్పులు పెట్టాడు, మళ్లీ రెండు మ్యాచ్‌ల నిషేధం. ఆ రోజు రిఫరీ వేన్ బార్న్స్. అతని ఇంట్లోవాళ్లకి కూడా బెదిరింపులు వచ్చాయి. అదే బార్న్స్ 2023 ఫైనల్‌కి రిఫరీ, అది అయ్యాక ఈల పక్కన పెట్టేశాడు. ఆ ఫైనల్ టీఎంఓ టామ్ ఫోలీ తిట్లు భరించలేక అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు. అప్పారావు గారి జట్టు వీడియో పెట్టకపోయినా అభిమానులు వీడియో పెట్టినంత పనీ చేశారు.

రెండో మాట మన పేపర్ల గురించి. 2023 అక్టోబర్ 27న చెన్నైలో దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు పాకిస్తాన్ మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. దానికి మావాళ్లు సగం పేజీ ఇచ్చారు. మర్నాడు రాత్రి అదే దేశం ఒక్క పాయింట్ తేడాతో రగ్బీ ప్రపంచ కప్ గెలిస్తే నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లూ యూరప్ నుంచి వచ్చే ఏజెన్సీ కాపీ. డెస్కులో రగ్బీ తెలిసినవాడు ఉండడు, టైమ్ ఉండదు. "వివాదాస్పద", "మొరటు ఆట" అని వచ్చిందాన్ని అలాగే తెలుగులోకి దింపేస్తాం. అవతల రాసినవాడు ఏ పబ్బులో కూర్చునేవాడో, ఏ జట్టువాడో మనం అడగం. కాబట్టి శీను గారి ఫిర్యాదులో పావలా వంతు నిజం ఉంది. ముప్పావలా రస్సీ సృష్టి.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

పావలా అయినా ఇచ్చారు, సంతోషం సార్. ఇంకో పావలా అడుగుతా. 2023 క్వార్టర్ ఫైనల్లో డామియన్ విల్లెమ్స తన సొంత గీతకి దగ్గర్లో అవతలివాళ్లు తన్నిన బంతి పట్టుకుని ఫ్రీ కిక్ సంపాదించి, తన్నకుండా స్క్రమ్ అడిగాడు. నిబంధనల్లో ఉన్నదే. ఫ్రాన్స్ నోరెళ్లబెట్టింది. 2024లో ఫ్రీ కిక్‌కి స్క్రమ్ ఎంచుకునే అవకాశాన్నే తీసేశారు. మా బలం ఎక్కడుందో చూసి అక్కడ నిబంధన మార్చడం కాదా ఇది?

ఇక సెమీఫైనల్. ఇంగ్లండ్ మీద 16-15. బొంగి మ్బొనాంబి తనని జాతి పేరుతో తిట్టాడని టామ్ కరీ రిఫరీకి చెప్పాడు. ఫైనల్‌కి ముందు వారమంతా అదే వార్త. ఆఫ్రికాన్స్‌లో తెల్ల జెర్సీ వైపు అని జట్టుకి చెప్పుకున్న మాట ఇంగ్లిష్ చెవికి బూతులా వినపడిందని మావాళ్ల వివరణ. వరల్డ్ రగ్బీ విచారించి తగిన ఆధారాలు లేవంది. ఫైనల్ మొదలైన కాసేపటికే మ్బొనాంబి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. అతనికి జరిగిన నష్టం ఎవరు రాశారు?

లిఫీ లక్ష్మి | డబ్లిన్

కరీకి వచ్చిన బెదిరింపుల గురించి కూడా రాయాలిగా మరి. అతను ఫిర్యాదు చేసింది మైదానంలో, రిఫరీకి. నియమం ప్రకారం చేయాల్సిందే అది. "ఆధారాలు లేవు" అంటే అబద్ధం చెప్పాడని కాదు. ఫిర్యాదు సదుద్దేశంతో చేసిందేనని ఆ ప్రకటనలోనే ఉంది. ఇద్దరినీ సోషల్ మీడియా నమిలి ఉమ్మేసింది.

డర్బన్ కోడలు | డర్బన్

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని. ఈ థ్రెడ్‌కి మాత్రం రాయాలనిపించింది.

నేను పుట్టింది బొబ్బిలి దగ్గర, మెట్టింది డర్బన్. మా అత్తింటివాళ్లు చెరకు తోటల్లో పనికి ఓడల్లో వచ్చిన కూలీల సంతతి. మామగారికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిష్‌లో ఇస్తారు. మీ పోస్టులన్నీ ఆయనకి చదివి వినిపించా. "బయటి పేపర్లు స్ప్రింగ్‌బాక్స్‌కి అన్యాయం చేస్తున్నాయట" అనగానే టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వారు.

ఆయన పెరిగింది మ్యాగజైన్ బ్యారక్స్‌లో. డర్బన్ కార్పొరేషన్‌లో పనిచేసే ఇండియన్ల క్వార్టర్లు అవి. ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో విడదీసే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద అక్కడివాళ్లని లేపి చాట్స్‌వర్త్‌కి తోలారు. 1976 జులైలో న్యూజిలాండ్ జట్టు ఆల్‌బ్లాక్స్ ఇక్కడి కింగ్స్ పార్క్‌లో టెస్ట్ ఆడారు. సోవెటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగి అప్పటికి నెల దాటింది, అంతే. ఆ టూర్ ఆపలేదన్న కోపంతోనే ఆఫ్రికా దేశాలు మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి వెళ్లిపోయాయి. మామగారు ఆ మ్యాచ్‌కి వెళ్లారు. తెల్లవాళ్లు కానివాళ్లకి విడిగా ఒక మూల. ఆ మూలంతా న్యూజిలాండ్‌కే చప్పట్లు. స్ప్రింగ్‌బాక్స్ 16-7తో గెలిచారు. మామగారు ఇప్పటికీ ఆ మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు "మేం ఓడిపోయాం" అంటారు.

మామగారి అన్నగారు కరీస్ ఫౌంటెన్‌ స్టేడియంలో ఫుట్‌బాల్ ఆడేవారు. అసాధారణ సమాజంలో సాధారణ క్రీడ ఉండదు అని వర్ణవివక్షని వ్యతిరేకించిన క్రీడా సంఘం సాకోస్ వాళ్లు చెప్పే రోజులు. కింగ్స్ పార్క్ గేటు దాటడమే తప్పని ఆయన వాదన. న్యూజిలాండ్‌కి చప్పట్లు కొట్టడానికి వెళ్లానన్నా వినలేదట, కొన్నాళ్లు తమ్ముడితో మాటల్లేవు. దక్షిణాఫ్రికాలో టీవీ మొదలైందే ఆ ఏడాది జనవరిలో. మైక్ ఎవరి చేతిలో ఉండేదో, ఆ మూల గురించి ఎవరైనా మాట్లాడి ఉంటారో లేదో మీరే ఊహించుకోండి. 1995 వరల్డ్ కప్ ఫైనల్‌కి మండేలా స్ప్రింగ్‌బాక్స్ 6వ నంబర్ జెర్సీ వేసుకుని ఎల్లిస్ పార్క్‌కి వచ్చిన రోజు కూడా మా అత్తింట్లో సగం మంది న్యూజిలాండ్ ఆటగాడు లోము పక్షమేనట. కేప్ టౌన్‌లో ఇప్పటికీ న్యూజిలాండ్ క్రూసేడర్స్ జట్టుకి అభిమానులు ఉన్నారు. టీవీ వాళ్లు వాళ్లని వింతగా చూపిస్తారు. అందులో వింతేముంది?

ఇప్పుడు మీరెవరూ ముట్టుకోని సంగతి. 2018 మే 19, శనివారం. సూపర్‌స్పోర్ట్ టీవీ స్టూడియో, జొహానెస్‌బర్గ్ జట్టు లయన్స్‌కీ ఆస్ట్రేలియా జట్టు బ్రంబీస్‌కీ మ్యాచ్ అయ్యాక లైవ్ విశ్లేషణ. యాంకర్ మొట్సిడిసి మొహొనో. ఒక పక్క నిక్ మాలెట్, నాస్ బోటా, ఇంకో పక్క ఆష్విన్ విల్లెమ్స. ముగ్గురూ స్ప్రింగ్‌బాక్స్‌కి ఆడినవాళ్లే. విల్లెమ్స 2003లో దక్షిణాఫ్రికా ఉత్తమ ఆటగాడు, 2007 కప్పు జట్టులో ఉన్నాడు. అతను అరవలేదు, చాలా నిదానంగా మాట్లాడాడు. తనని చాలాకాలం కోటా మనిషి అన్నారని, కష్టపడి సంపాదించుకున్న గౌరవం ఉందని, వివక్ష కాలంలో ఆడిన ఇద్దరు తనని చిన్నచూపు చూస్తే పడి ఉండనని చెప్పాడు. లేచి వెళ్లిపోయాడు. యాంకర్‌కి ఏం చేయాలో తోచలేదు. ఆ రాత్రి మా ఇంట్లో అందరి ఫోన్లలో అదే క్లిప్పు.

తర్వాత చానెల్ వాళ్లు సీనియర్ లాయర్ విన్సెంట్ మలేకాతో విచారణ చేయించారు. విల్లెమ్స అందులో పాల్గొనలేదు. మాలెట్, బోటా జాతి వివక్షతో ప్రవర్తించలేదని నివేదిక వచ్చింది. పేపర్లకి అక్కడితో కథ అయిపోయింది. "కోటా" అన్న మాట అతని మీద ఇన్నేళ్లు ఎవరు వేశారన్నది మాత్రం ఏ విచారణలోకీ రాలేదు. ఆ మాట వేసింది బ్రిటిష్ పేపర్లు కాదు శీను గారూ. ఇక్కడివే.

2008లో పీటర్ డి విలియర్స్‌ని కోచ్‌గా పెట్టినప్పుడూ అదే తంతు. తెల్లవాడు కాని మొదటి కోచ్. పేరు ప్రకటించిన రోజే బోర్డు అధ్యక్షుడు ఒరిగన్ హోస్కిన్స్, ఈ ఎంపిక పూర్తిగా రగ్బీ కారణాలతోనే జరగలేదని చెప్పాడు. పెళ్లి పీటల మీదే పెళ్లికొడుక్కి వంక పెట్టడం ఇది. తర్వాతి ఏడాది అతను లయన్స్ సిరీస్ గెలిపించాడు, న్యూజిలాండ్‌ని ఒకే ఏడాదిలో మూడుసార్లు ఓడించాడు. పేపర్లు మాత్రం ప్రెస్ మీట్లో అతను వాడిన వింత ఉపమానాలు ఏరుకుని నవ్వుకున్నాయి.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

అక్కా, మీ మామగారి అనుభవానికి దండం. కానీ ఇప్పుడు కోలిసి కెప్టెన్. రెండు కప్పులు గెలిచాడు. 2025లో పారిస్‌లో ఆడింది అతని 100వ టెస్ట్. ఇంకా ఆ పాత లెక్కలు ఎందుకు? థ్రెడ్ రెడ్ కార్డుల గురించి కదా.

డర్బన్ కోడలు | డర్బన్

థ్రెడ్ పేరులో పేపర్ల వాళ్లు అని మీరే రాశారు తమ్ముడూ.

పాత లెక్కే చూద్దాం. వరల్డ్ కప్ ఫైనల్లో మన మొదటి 15 మందిలో తెల్లవాళ్లు కానివాళ్లు 1995లో ఒక్కరు, చెస్టర్ విలియమ్స్. 2007లో ఇద్దరు, హబానా, పీటర్సన్. 2019లో ఆరుగురు. ఇంగ్లండ్ మీద 32-12తో గెలిచిన ఆ రోజు ట్రైలు చేసింది మపింపి, కోల్బె. కోలిసి పుట్టింది జ్విడె టౌన్‌షిప్‌లో, స్కాలర్‌షిప్ మీద గ్రే హైస్కూల్‌కి వెళ్లాడు. మపింపికి అదీ లేదు, పల్లెటూరి బడి. స్ప్రింగ్‌బాక్స్‌కి దారి చాలావరకు పేరున్న కొద్ది స్కూళ్ల గుండానే పోతుంది. దాని మీద ఒక సిరీస్ రాయమంటే ఎవరికీ తీరిక ఉండదు. రిఫరీ మీద రాయమంటే మాత్రం రాత్రంతా మేలుకుంటారు.

ఇంకోటి. ఆ విశ్లేషణలన్నీ డబ్బు కట్టే చానెల్లో. ప్రభుత్వ చానెల్ ఎస్‌ఏబీసీలో ఏ మ్యాచ్ వస్తుందో చివరి దాకా తెలీదు. 2023 వరల్డ్ కప్‌కి కూడా టోర్నీ ముంచుకొచ్చేదాకా బేరాలు తెగలేదు. మా వీధిలో డీఎస్‌టీవీ కట్టేవాళ్ల ఇంటికి మిగతావాళ్లు కుర్చీలు పట్టుకుని పోతారు. బయటివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారన్నది ఈ వీధిలో ఎవరూ అడగరు. ఈ శనివారం ఎవరింట్లో చూడాలన్నదే ప్రశ్న.

పాత పేపర్ | హైదరాబాద్

అమ్మా, డెస్కు వదిలాక ఇంత మంచి కాపీ చదవలేదు. ఒక్క ముక్క కలుపుతాను. 2003లో వరల్డ్ కప్ ముందు జెయో క్రోన్యే అనే ఆటగాడు క్వింటన్ డేవిడ్స్‌తో గది పంచుకోనన్నాడని గొడవ అయింది. దాంతో జట్టు మీడియా వ్యవహారాలు చూసే మార్క్ కియోహేన్ రాజీనామా చేశాడు. అతనే తర్వాత పేరున్న రగ్బీ రచయిత. అదే ఏడాది కాంప్ స్టాల్‌డ్రాడ్, ఆటగాళ్లని బట్టల్లేకుండా గోతుల్లో నిలబెట్టిన శిక్షణ శిబిరం, ఆ ఫొటోలు కూడా బయటికొచ్చాయి. ఇవన్నీ బయటపెట్టింది దక్షిణాఫ్రికా విలేకరులే. కాబట్టి అక్కడి పత్రికలన్నీ నిద్రపోయాయని మాత్రం అనలేం.

డర్బన్ కోడలు | డర్బన్

అది ఒప్పుకుంటాను సార్. రాసినవాళ్లున్నారు. వాళ్లని తిట్టినవాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు.

లిఫీ లక్ష్మి | డబ్లిన్

డి విలియర్స్ పేరు వచ్చింది కాబట్టి ఒకటి. 2009లో ప్రిటోరియాలో లయన్స్ రెండో టెస్ట్. షాల్క్ బర్గర్‌కి 50వ టెస్ట్. మొదటి నిమిషంలోనే మా ల్యూక్ ఫిట్జ్‌జెరాల్డ్ కళ్ల దగ్గర వేళ్లు పెట్టాడు. పసుపు కార్డే ఇచ్చారు! తర్వాత 8 వారాల నిషేధం. మ్యాచ్ అయ్యాక డి విలియర్స్ అసలు కార్డే ఇవ్వాల్సింది కాదన్నాడు. కోడలు గారూ, ఆయన్ని అన్యాయంగా ఆడుకున్నారన్నది నిజమే కావచ్చు. ఆ మాట అన్నది కూడా ఆయనే.

శీను గారికి ఇందులోనే జవాబు ఉంది. 2009లో పసుపు, 8 వారాలు. 2025లో రెడ్, 12 వారాలు. కఠినమైంది ఆట మొత్తం. మీ జట్టు మీద పగ కాదు.

డర్బన్ కోడలు | డర్బన్

ఆ మాట దగ్గర మామగారు కూడా ఆయన్ని సమర్థించరు. "పీటర్ ఆ రోజు నోరు మూసుకోవాల్సింది" అన్నారు.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

సరే, ఎట్జెబెత్ ఫైలు మూసేస్తున్నా. మోస్టర్ట్ ఫైలు మాత్రం తెరిచే ఉంటుంది. కమిటీనే తప్పని తేల్చాక ఆ రిఫరీ నిర్ణయం మీద ఒక్క పెద్ద వ్యాసం చూపించండి, బిర్యానీ నా ఖర్చు.

ఆక్లాండ్ అప్పారావు | న్యూజిలాండ్

మ్యాచ్ గెలిచారు కాబట్టి రాయలేదు శీనూ. ఓడి ఉంటే మీ రస్సీయే రెండు గంటల సినిమా తీసేవాడు. 2025 సెప్టెంబర్‌లో వెల్లింగ్టన్‌కి వచ్చి 43-10తో మమ్మల్ని ఉతికారు, అందులో రిఫరీ పాత్ర ఏమీ లేదని నేనే ఒప్పుకుంటున్నా. ఇంతకంటే ఏం కావాలి?

కబడ్డీ కుర్రాడు | నిజామాబాద్

నాకు కార్డుల సంగతి అర్థమైంది. కానీ కోడలక్క పోస్టు చదివాక మ్యాచ్ చూడాలనిపిస్తోంది. తర్వాత పెద్ద సిరీస్ ఎప్పుడు?

ఆక్లాండ్ అప్పారావు | న్యూజిలాండ్

2026లో ఆల్‌బ్లాక్స్ దక్షిణాఫ్రికాకి పాతకాలపు పద్ధతిలో పెద్ద టూర్ వస్తున్నారు తమ్ముడూ. టెస్టులే కాక అక్కడి ఫ్రాంచైజీ జట్లతో కూడా ఆడతారు. అందులో డర్బన్ షార్క్స్ ఉంది. కోడలు గారూ, కింగ్స్ పార్క్‌లో నాకొక సీటు చూసి పెట్టండి. మీ మామగారి పక్కనే.

డర్బన్ కోడలు | డర్బన్

చూస్తాను అన్నయ్యా. కానీ ఆయన ఈసారి షార్క్స్ జెర్సీ కొనిపెట్టమన్నారు. మీరు నల్ల జెర్సీలో వచ్చి పక్కన కూర్చుంటే ఏమంటారో నా పూచీ లేదు. పెద్దాయన మెట్లు ఎక్కలేరు, కాబట్టి కింది వరుసలో దొరికితేనే తీసుకుంటాం. టికెట్లు తెరిచిన రోజు ఇక్కడే చెబుతాను.

అడ్మిన్

శీను గారి మొదటి పోస్టు కింద వచ్చిన రెండు బూతు కామెంట్లు తీసేశాను. రిఫరీల కుటుంబాల ఊసు ఎత్తితే ఖాతా మూసేస్తాం. మిగతా గొడవ కానివ్వండి.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

అక్కా, జొహానెస్‌బర్గ్ టెస్టుకి మీరొస్తే ఇక్కడ మా ఇంట్లో దిగండి, మామగారిని కూడా తీసుకురండి. మోస్టర్ట్ క్లిప్పు పెద్ద టీవీలో వేసి చూపిస్తా, ఆయనే తీర్పు చెప్పాలి.

డర్బన్ కోడలు | డర్బన్

చెప్పాను. క్లిప్పు ఇప్పుడే ఫోన్‌లో పెట్టి చూపించమన్నారు. మూడుసార్లు చూసి "పెనాల్టీ, అంతే" అన్నారు. కాబట్టి మీరే గెలిచారు, కానీ ఆయన ఫీజు బిర్యానీ అట.

శాండ్టన్ శీను | జొహానెస్‌బర్గ్

మటనా, చికెనా అడగండి!